యాన్సిబుల్‌ని ఏడబ్ల్యూఎస్‌కి కలపడానికి ఏది మేలు: యాక్సెస్ కీనా, రోలా?

యాన్సిబుల్ అంటే చాలా సర్వర్లని ఒకేచోట నుంచి అమర్చే టూలు, ఏడబ్ల్యూఎస్ అంటే సర్వర్లని అద్దెకిచ్చే అమెజాన్ క్లౌడ్. పది సర్వర్లు ఉన్నంతకాలం ఐపీ అడ్రసులు ఒక ఫైల్లో రాసుకుని యాన్సిబుల్ నడిపేయొచ్చు. ఆటోస్కేలింగ్ (రద్దీని బట్టి మెషీన్లు వాటంతట అవే పెరగడం, తగ్గడం) పెట్టిన రోజు నుంచి ఆ ఫైలు పనికిరాదు. పొద్దున ఉన్న మెషీను సాయంత్రానికి ఉండదు. అప్పుడిక యాన్సిబులే ఏడబ్ల్యూఎస్ ఏపీఐని (ప్రోగ్రాములు దానితో మాట్లాడే ద్వారం) అడిగి, ఏ మెషీన్లు నడుస్తున్నాయో తెలుసుకోవాలి. అందుకు డైనమిక్ ఇన్వెంటరీ ప్లగిన్ (మెషీన్ల జాబితాని అప్పటికప్పుడు తెచ్చేది) ఉంది. పైథాన్‌లో బోటో3 (ఏడబ్ల్యూఎస్‌తో మాట్లాడే లైబ్రరీ) వేసి, ప్లగిన్ కోరిన పేరుతో ఒక యామ్ల్ సెట్టింగుల ఫైలు పెడితే సగం పని అయినట్టే. మిగతా సగం దగ్గరే అందరూ తొందరపడతారు: ఏపీఐ ముందు యాన్సిబుల్ ఎవరి పేరుతో నిలబడాలి?

చాలామంది ముందుగా పట్టుకునేది యాక్సెస్ కీ, అంటే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ లాంటి రెండు కోడ్‌ల జత. ఐఏఎంలో (ఏడబ్ల్యూఎస్‌లో ఎవరికి ఏ హక్కో నిర్ణయించే చోటు) ఒక యూజర్‌ని సృష్టించి, కీ తీసుకుని, క్రెడెన్షియల్స్ ఫైల్లో అతికిస్తే ఐదు నిమిషాల్లో ఇన్వెంటరీ వచ్చేస్తుంది. ఎక్కడినుంచైనా పనిచేస్తుంది, నేర్చుకోవాల్సింది ఏమీ లేదు. ఈ సుఖమే దాని ప్రమాదం కూడా. ఆ కీకి గడువంటూ లేదు. మనం తీసేసేదాకా బతికే ఉంటుంది, ఎవరి చేతిలో పడితే వాళ్ళకి పనిచేస్తుంది. కీలోని సీక్రెట్ భాగాన్ని ఏడబ్ల్యూఎస్ ఒక్కసారే చూపిస్తుంది కాబట్టి జనం దాన్ని ఎక్కడో ఒకచోట దాచుకుంటారు: నోట్‌ప్యాడ్‌లో, వాట్సాప్‌లో తమకు తామే పంపుకున్న మెసేజ్‌లో, ప్లేబుక్‌లోని (యాన్సిబుల్‌కి పనులు రాసిచ్చే ఫైలు) వేరియబుల్స్ ఫైల్లో.

నేను ఒక క్లయింటు దగ్గర పని మొదలుపెట్టినప్పుడు వాళ్ళ గిట్ (కోడ్ మార్పులన్నీ దాచే టూలు) చరిత్రంతా వెతికితే, ఉద్యోగం మానేసి రెండేళ్ళయిన మనిషి పేరున ఉన్న కీ దొరికింది. ఫైల్లోంచి దాన్ని ఎప్పుడో చెరిపేశారు గానీ పాత కమిట్‌లో పదిలంగా ఉంది. అడ్మిన్ హక్కులతో ఇంకా పనిచేస్తోంది కూడా. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. అప్పటినుంచి కీ కనిపిస్తే దానికి బదులు ఏం పెట్టొచ్చా అనే ఆలోచిస్తాను.

యాన్సిబుల్ నడిచే మెషీను ఏడబ్ల్యూఎస్‌లోనే ఉంటే నా సమాధానం ఒక్కటే, రోల్ పెట్టండి. రోల్ అంటే శాశ్వత కీ లేకుండా తాత్కాలికంగా తీసుకునే హక్కుల మూట. ఒక చిన్న ఈసీ2 (ఏడబ్ల్యూఎస్ అద్దెకిచ్చే) మెషీన్‌ని కంట్రోల్ నోడ్‌గా (యాన్సిబుల్ నడిచే మెషీను) పెట్టి దానికి ఐఏఎం రోల్ తగిలిస్తే, ఎక్కడా కీ రాయాల్సిన పనిలేదు. బోటో3 తానే 169.254.169.254 అనే మెటాడేటా చిరునామాకి (మెషీను తన వివరాలు తానే అడిగి తెలుసుకునే చోటు) వెళ్ళి తాత్కాలిక క్రెడెన్షియల్స్ తెచ్చుకుంటుంది. కొన్ని గంటలకు వాటి గడువు తీరుతుంది, కొత్తవి వాటంతట అవే వస్తాయి. మనిషి ఉద్యోగం మానేసినా వెంట పట్టుకెళ్ళడానికి కీ అంటూ ఉండదు.

రోల్ పెట్టాం కదా అని నిశ్చింతగా ఉండే వీలూ లేదు. 2019లో క్యాపిటల్ వన్ బ్యాంకు నుంచి దాదాపు 10 కోట్ల మంది అమెరికన్ల, 60 లక్షల మంది కెనడియన్ల వివరాలు బయటికి పోయింది రోల్ క్రెడెన్షియల్స్ ద్వారానే. సరిగ్గా అమర్చని ఫైర్‌వాల్ మెషీన్ని మధ్యలో పెట్టుకుని, మెటాడేటాని అడిగించి వాటిని రాబట్టారు. అదే ఏడాది నవంబరులో మెటాడేటా సర్వీసుకి రెండో వెర్షన్ వచ్చింది. అందులో ముందు పుట్ రిక్వెస్టుతో ఒక టోకెన్ తీసుకోవాలి, ఆ తర్వాతే ఏ ప్రశ్నకైనా జవాబు. కంట్రోల్ నోడ్‌లో ఈ రెండో వెర్షన్‌నే తప్పనిసరి చేయండి. యాన్సిబుల్‌ని డాకర్‌లో (ప్రోగ్రాముని కంటెయినర్ అనే విడి పెట్టెలో నడిపే టూలు) నడిపేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోవాలి: హాప్ లిమిట్ (జవాబు నెట్‌వర్క్‌లో ఎన్ని అంచెలు దాటొచ్చో చెప్పే అంకె) 1 ఉంటే కంటెయినర్ దాకా ఆ టోకెన్ చేరదు, 2కి పెంచాలి. క్రెడెన్షియల్స్ దొరకలేదన్న ఎర్రర్ చూసి, విసుగొచ్చి మళ్ళీ కీ అతికించినవాళ్ళని చూశాను. పోగొట్టుకున్న భద్రతంతా ఆ ఒక్క అంకె దగ్గరే.

ఇంకో మాట. కంట్రోల్ నోడ్‌లోకి లాగిన్ అవగలిగిన ప్రతివాళ్ళకీ ఆ రోల్ హక్కులు వచ్చేస్తాయి. ఇన్వెంటరీకి కావాల్సింది మెషీన్ల వివరాలు చదివే అనుమతి మాత్రమే. దానికి అడ్మిన్ పాలసీ (అన్ని హక్కులూ ఇచ్చే అనుమతి పత్రం) తగిలించడమంటే పాలవాడికి బీరువా తాళంచెవి ఇవ్వడమే. ఆపడం, తీసేయడం లాంటి పనులు కూడా యాన్సిబులే చెయ్యాలంటే, ఫలానా ట్యాగ్ (మెషీన్‌కి తగిలించే గుర్తు) ఉన్న మెషీన్లకే పరిమితం చేస్తూ విడిగా అనుమతి రాయండి.

కీ నుంచి రోల్‌కి మారేటప్పుడు చాలామంది పడే గుంట ఒకటుంది. బోటో3 క్రెడెన్షియల్స్ కోసం వరసగా వెతుకుతుంది: ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ ముందు, ఫైళ్ళు తర్వాత, మెటాడేటా అన్నిటికన్నా చివర. మీరు రోల్ తగిలించినా పాత ఫైలు అక్కడే ఉంటే, అది పాత కీతోనే నడుస్తుంది. అన్నీ పనిచేస్తుంటాయి కాబట్టి అనుమానమే రాదు. కమాండ్ లైన్లో ఎస్‌టీఎస్‌ని (తాత్కాలిక క్రెడెన్షియల్స్ ఇచ్చే ఏడబ్ల్యూఎస్ సర్వీసు) 'గెట్ కాలర్ ఐడెంటిటీ' అని అడిగితే, ప్రస్తుతం మీరు ఎవరి పేరుతో ఉన్నారో అక్కడికక్కడే చెప్తుంది. మార్పు చేసిన వెంటనే నేను కొట్టే మొదటి కమాండ్ అదే.

హైదరాబాద్ రీజియన్ (ఏడబ్ల్యూఎస్ డేటా సెంటర్లున్న ప్రాంతం) వాడేవాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాలి. 2022 నవంబరులో మొదలైన ఆ రీజియన్ అకౌంట్లో దానంతటదే తెరిచి ఉండదు, మనమే ఎనేబుల్ చేసుకోవాలి. ముంబైకి ఈ బాధ లేదు. ఇంకో అకౌంటులోని రోల్ తీసుకుంటున్నప్పుడు, ఎస్‌టీఎస్ గ్లోబల్ ఎండ్‌పాయింట్ (అన్ని రీజియన్లకీ ఉమ్మడి చిరునామా) ఇచ్చే టోకెన్ డీఫాల్ట్‌గా ఇలాంటి రీజియన్లలో చెల్లదు. పాలసీ సరిగ్గా ఉన్నా ఆథెంటికేషన్ ఎర్రర్ వస్తుంది. రీజియనల్ ఎండ్‌పాయింట్‌కి మారిస్తే సరిపోతుంది.

ల్యాప్‌టాప్ నుంచి నడిపేవాళ్ళకి ఈసీ2 రోల్ కుదరదు. వాళ్ళకి ఐఏఎం ఐడెంటిటీ సెంటర్ మేలు: పొద్దున బ్రౌజర్లో ఒకసారి లాగిన్ అయితే సెషన్ ఉన్నంతసేపు పని నడుస్తుంది. గిట్‌హబ్ యాక్షన్స్ లాంటి సీఐ (కోడ్ మారినప్పుడు పనులు నడిపే సర్వీసు) నుంచైతే ఓఐడీసీ, అంటే ఆ సర్వీసు ఇచ్చే గుర్తింపు టోకెన్ చూపించి రోల్ తీసుకోవడం. అక్కడ ట్రస్ట్ పాలసీలో (రోల్‌ని ఎవరు తీసుకోవచ్చో చెప్పేది) మీ రిపో పేరు, బ్రాంచ్ పేరు కచ్చితంగా రాయండి. మీ సర్వర్లని చూసుకునే టూలు వేరే కంపెనీ నడిపేదై, వాళ్ళు యాక్సెస్ కీ అడిగితే ఒప్పుకోవద్దు. ఎక్స్‌టర్నల్ ఐడీతో (మీ కోసం ఇచ్చే విడి గుర్తింపు కోడ్) రోల్ తీసుకునే పద్ధతి ఉందా అని అడగండి.

ఆఫీసులో మూలన ఉన్న సర్వరు నుంచి నడపాలంటేనే నిజంగా తర్జనభర్జన. 2022లో వచ్చిన ఐఏఎం రోల్స్ ఎనీవేర్‌తో సర్టిఫికెట్ చూపించి తాత్కాలిక క్రెడెన్షియల్స్ తీసుకోవచ్చు. కానీ సర్టిఫికెట్లు జారీ చేసే ఏర్పాటు కావాలి, వాటి గడువులు కనిపెట్టుకుని ఉండాలి. ఇద్దరు ముగ్గురున్న టీముకి అది మోయలేని బరువు కావచ్చు. అలాంటిచోట చదివే హక్కు మాత్రమే ఇచ్చి, ఆఫీసు ఐపీకి కట్టేసి, యాన్సిబుల్ వాల్ట్‌లో (రహస్యాలని ఎన్‌క్రిప్ట్ చేసి దాచే సదుపాయం) పెట్టిన యాక్సెస్ కీని నేను తప్పుపట్టను. హెట్జ్నర్ అనే వేరే క్లౌడ్ కంపెనీ దగ్గర ఏపీఐ టోకెన్ తప్ప దారి లేదు. అక్కడ టోకెన్ ఒక ప్రాజెక్టుకే చెల్లుతుంది, చదవడానికే పరిమితం చేయొచ్చు కూడా. కాబట్టి ప్రొడక్షన్‌కి (అసలు వాడుకలో ఉన్న సర్వర్లు) విడి ప్రాజెక్టు పెట్టుకోండి.

పాత కీని తీసే పద్ధతి కూడా చెప్తాను. ఒక్కో ఐఏఎం యూజర్‌కి రెండు కీలు ఉండొచ్చు, మార్చుకునేటప్పుడు పని ఆగకుండా ఉండడానికే ఆ వీలు. వెంటనే డిలీట్ కొట్టకండి, ముందు ఇనాక్టివ్ చేయండి. ఏదైనా ఆగిపోతే ఒక్క క్లిక్కుతో వెనక్కి తెచ్చుకోవచ్చు, డిలీట్ చేశాక ఆ దారి ఉండదు. చివరిసారి ఎప్పుడు, ఏ సర్వీసుకి వాడారో ఐఏఎం చూపిస్తుంది. అది చూసి కూడా నేను నెలాఖరు దాటేదాకా ఆగుతాను, నెలకోసారి మాత్రమే నడిచే జాబులు ఎక్కడో ఒకచోట ఉంటాయి.