తిరుపతిలో బండి సీటు మళ్ళీ కట్టించుకున్నాను: 17,000 కిలోమీటర్ల తర్వాత రాస్తున్న మాట

రోజుకు 120 నుంచి 140 కిలోమీటర్లు నేను బండి మీదే ఉంటాను. పాల డెయిరీలో రూట్ సూపర్‌వైజర్ పని. తెల్లవారి నాలుగున్నరకు తిరుపతిలో ఇల్లు వదిలితే చంద్రగిరి దాటి పాకాల, ఐరాల, పూతలపట్టు చుట్టుపక్కల పాల కేంద్రాలన్నీ తిరిగి, వారానికి రెండుసార్లు చిత్తూరు ఆఫీసులో లెక్కలు ఇచ్చి, మధ్యాహ్నం మూడుకు ఇంటికి వస్తాను. పందొమ్మిదేళ్ళుగా ఇదే బతుకు. ఇప్పుడు నాకు 46, బరువు 78 కిలోలు, ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు. ఈ కొలతలు ఎందుకు చెబుతున్నానో ముందుకు పోతే మీకే అర్థమవుతుంది.

మూడేళ్ళ కిందట 350 సీసీ బండి కొన్నాను. షోరూంలో ఎక్కి కూర్చుంటే సీటు పరుపులా దిగింది. అది చూసే సంతకం పెట్టేశాను. ఇరవై నిమిషాలు బాగానే ఉంటుంది. పాకాల వచ్చేసరికి పిరుదుల కింద రెండు చోట్ల, సరిగ్గా ఎముక ఉన్నచోట, ఎవరో బొటనవేళ్ళతో నొక్కి పట్టుకున్నట్టు మొదలవుతుంది. పూతలపట్టు దాటాక తొడలు తిమ్మిరి. చిత్తూరులో దిగేటప్పుడు ఒక నిమిషం హ్యాండిల్ పట్టుకుని నిలబడితే గానీ కాలు కదిలేది కాదు. రాత్రి వెల్లకిలా పడుకుంటే తోక ఎముక దగ్గర సలుపు. ఎముకల డాక్టరు ఎక్స్‌రే తీయించి, ఎముకలో ఏమీ లేదు, కూర్చునే తీరు మార్చుకోండి అన్నారు. ఉద్యోగం మార్చుకోలేను కాబట్టి సీటు మీద పడ్డాను.

ముందు రోడ్డు పక్కన అమ్మే నెట్ కవర్ వేశాను, 350 రూపాయలు. గాలి ఆడుతుంది, చెమట తగ్గుతుంది, అంతే. నొప్పి అలాగే ఉంది. తర్వాత ఆన్‌లైన్‌లో జెల్ ప్యాడ్ తెప్పించాను. మొదటి వారం బాగుందనిపించింది. కానీ ఏప్రిల్ ఎండలో బండి ఒక అరగంట బయట పెట్టి వచ్చి కూర్చున్న రోజు తెలిసింది. జెల్ వేడిని పీల్చుకుంటే ఒక పట్టాన వదలదు. రెక్సిన్ మీద నీళ్ళు చల్లితే రెండు నిమిషాల్లో చల్లారుతుంది, లోపలి జెల్ మాత్రం పది కిలోమీటర్ల దాకా కాలుస్తూనే ఉంటుంది. మన జిల్లా ఎండలకు అది పనికొచ్చే వస్తువు కాదు. చలి ఊళ్ళలో ఉండేవాళ్ళకు నచ్చుతుందేమో.

రెడీమేడ్ టూరింగ్ సీటు కూడా చూశాను. మా ఆఫీసులో ఒకాయన వేయించుకున్నాడు, ఆయనకు చాలా బాగుంది. ఆయన బండి అడిగి తీసుకుని చంద్రగిరి దాకా పోయి వచ్చాను. సీటు మంచిదే, అబద్ధం చెప్పకూడదు. కానీ ఆయన ఆరడుగుల మనిషి. ఆ వెడల్పుకు నా తొడలు విచ్చుకుపోయి, సిగ్నల్ దగ్గర మునివేళ్ళ మీద నిలబడాల్సి వచ్చింది. ఒకరికి సరిపోయిన చెప్పు ఇంకొకరిని కరిచినట్టే. ఆయనే చెప్పాడు: "కరకంబాడి రోడ్డులో ఒక భాయ్ ఉండాడు, కుషన్ వర్క్స్. ఒకసారి ఆయన దగ్గరికి పో నా."

లీలామహల్ సెంటర్ నుంచి కరకంబాడి రోడ్డు పట్టుకుని పోతే ఒక సందులో ఆ షాపు. బోర్డు రంగు వెలిసిపోయింది. లోపల ఒక కుట్టు మిషను, గోడకు రెక్సిన్ చుట్టలు, మూలలో స్పాంజి దిమ్మెలు, బయట వరుసగా ఆటో సీట్లు. భాయ్‌కి అరవై దాటి ఉంటాయి. మే నెలలో ఒక మంగళవారం సెలవు పెట్టి పొద్దున్నే పోయాను. నా సీటు మార్చాలి, మంచి మెత్తటి స్పాంజి వేయండి అన్నాను. ఆయన స్పాంజి సంగతే ఎత్తలేదు. "రోజుకు ఎంత దూరం సార్? ఎక్కడ నొప్పి? ఎన్ని కిలోమీటర్ల తర్వాత మొదలవుతుంది?" అని అడిగారు. చెప్పాను. "ఎక్కి కూచోండి, కాళ్ళు ఫుట్‌రెస్ట్ మీద పెట్టండి" అని పక్కకు పోయి, వెనక్కు పోయి, వంగి చూశారు.

తర్వాత ఆయన చేసిన రెండు పనులు నా కళ్ళ ముందు ఇప్పటికీ ఉన్నాయి.

బండికి సెంటర్ స్టాండ్ వేసి, సగం నీళ్ళున్న బాటిల్‌ను సీటు మీద అడ్డంగా పడుకోబెట్టి చెయ్యి తీశారు. అది మెల్లగా దొర్లుకుంటూ పోయి ట్యాంకుకు తగిలి ఆగింది. "మీరు కూడా ఇట్టే జారుతా ఉంటారు సార్. బ్రేక్ వేసినప్పుడంతా ముందుకు జరుగుతారు, మళ్ళీ వెనక్కు జరుపుకుంటారు. నడుము దానికే అలిసిపోతుంది" అన్నారు. మూడేళ్ళుగా రోజుకు కొన్ని వందల సార్లు నేను చేస్తున్న పని అది. అందులో ఇంత విషయం ఉందని నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.

రెండోది, అట్టపెట్టె చింపి ఒక ముక్క గట్టి స్టూలు మీద వేసి, నన్ను దాని మీద కూర్చోమన్నారు. మోకాళ్ళు కొంచెం పైకి ఎత్తించి, చేతులు హ్యాండిల్ పట్టుకున్నట్టు చాపించారు. లేచాక ఆ అట్టను వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే రెండు గుంటలు కనిపించాయి. కుడివైపుది కొంచెం లోతు. చాక్‌పీసుతో రెండింటి చుట్టూ సున్నాలు గీసి, మధ్య దూరం టేపుతో కొలిచారు, 12 సెంటీమీటర్లు. ఆ అట్ట మీదే నా బండి నంబరు రాసుకున్నారు. మనం కూర్చున్నప్పుడు ఒంటి బరువులో ఎక్కువ భాగం ఆ రెండు ఎముకల మీదే పడుతుంది. సీటు ఎంత వెడల్పుగా ఉన్నా ఆ రెండు చోట్ల ఆసరా లేకపోతే మిగతాదంతా దండగ.

కవర్ కింద స్టాప్లర్ పిన్నులు ఒక్కొక్కటీ లాగి రెక్సిన్ విప్పి చూపించారు. పసుపు పచ్చటి స్పాంజిలో సరిగ్గా అట్ట మీద పడ్డట్టే రెండు గుంటలు. పైకి లేవని గుంటలు. ఆయన బొటనవేలితో నొక్కితే కింద ప్లాస్టిక్ ప్లేటు తగిలింది. నన్నూ నొక్కమన్నారు. ఇన్నాళ్ళూ నేను కూర్చున్నది స్పాంజి మీద కాదు, ప్లాస్టిక్ మీద. మెత్తటి స్పాంజికి బరువును మోసే బలం ఉండదు. ఇరవై నిమిషాలకు పూర్తిగా నలిగిపోయి దిగిపోతుంది, ఆ తర్వాత గుంతల దెబ్బంతా నేరుగా ఎముకకే.

"మెత్తగుంటే సుఖం అనుకుంటారు సార్ అందరూ. షాపులో రెండు నిమిషాలు కూచుంటే అది సుఖమే. పాకాల దాకా పోవాలంటే కింద గట్టిది కావాల."

పాత స్పాంజిని మొత్తం పారేయలేదు. గుంటలు పడ్డ భాగాన్ని పొడవాటి కత్తితో పెట్టెలా కోసి తీసి, అక్కడ రీబాండెడ్ స్పాంజి, అదే రంగురంగుల ముక్కలు కలిపి అచ్చుపోసిన గట్టి దిమ్మె, సొల్యూషన్‌తో అతికించారు. దాని మీద 40 డెన్సిటీ స్పాంజి, అంటే ఘనపు మీటరుకు 40 కిలోలు తూగేది, ఒక అంగుళం. ముందువైపు, ట్యాంకు పక్కన, కొంచెం ఎత్తు పెంచి వాలు తీసేశారు. తొడలు రాసుకునే రెండు పక్కలా గ్రైండర్‌తో సన్నగా చెక్కారు. ఆ పొడి ఆయన చేతుల మీద, కనుబొమ్మల మీద పసుపు రంగు మంచులా పడింది. మధ్యలో నాలుగుసార్లు, కవర్ లేని సీటు బండికి పెట్టి నన్ను ఎక్కించి దించారు. ప్రతిసారీ ఎక్కడో ఒక చోట వేలితో తడిమి ఇంకొంచెం చెక్కేవారు. నీళ్ళ బాటిల్ మళ్ళీ పెట్టారు. ఈసారి కదల్లేదు.

నేను నల్ల రెక్సిన్ అడిగాను. ఆయన బూడిద రంగుది, కొంచెం గరుకుగా ఉండేది చూపించి, నలుపుకంటే తక్కువ కాలుతుంది, ప్యాంటు కూడా జారదు అన్నారు. కూర్చునే చోట ఒక్క కుట్టు కూడా రాకుండా అన్నీ పక్కలకు వేశారు. రెక్సిన్ కింద పల్చటి ప్లాస్టిక్ షీటు పరిచారు. పదింటికి మొదలుపెడితే నాలుగున్నర అయింది. మొత్తం 2,400 రూపాయలు.

మొదటి వారం నాకు నచ్చలేదు. బెంచీ మీద కూర్చున్నట్టు గట్టిగా అనిపించింది. డబ్బులు పోయాయేమో అని ఇంట్లో అన్నాను కూడా. కానీ ఎనిమిదో రోజో, తొమ్మిదో రోజో పూతలపట్టులో కేంద్రం దగ్గర దిగి, శాంపిల్ తీసి, ఫ్యాట్ చూసి, సంతకం పెట్టి మళ్ళీ బండి దగ్గరికి వస్తుంటే గుర్తొచ్చింది: ఈ రోజు దిగగానే నడుము పట్టుకోలేదు. నొప్పి లేదన్న సంగతి అంతసేపటికి గమనించాను. అయినా కుడి పక్క ఎముక కొంచెం నొక్కుతూనే ఉంది. పదో రోజు పోతే ఆ అట్ట బయటికి తీసి, కుడి గుంట లోతుగా ఉన్న సంగతి చూపించి, కవర్ విప్పి ఆ పక్క అర అంగుళం తగ్గించి మళ్ళీ బిగించారు. డబ్బులు తీసుకోలేదు. టీ కూడా ఆయనే తెప్పించారు.

జూన్, జులైలో మా రోడ్లన్నీ బెంగళూరా మామిడి లారీలతో నిండిపోతాయి. గుజ్జు ఫ్యాక్టరీల ముందు వరుస కడితే మేము మట్టి అంచుల్లో దిగి పోవాలి. గుంతలు లెక్కలేనన్ని. అక్కడే ఈ సీటుకు అసలు పరీక్ష జరిగింది. దెబ్బ తెలుస్తుంది గానీ వెన్నులోకి ఎక్కదు. ఒకసారి తిరుమలకు కూడా పోయాను. ఎక్కడానికి 1974లో వేసిన రెండో ఘాట్, దిగడానికి 1944 నాటి మొదటి ఘాట్. దిగేటప్పుడు మలుపు మలుపుకూ బ్రేక్ మీదే ఉంటాం కదా, ఇదివరకు అలిపిరి చేరేసరికి ట్యాంకుకు అతుక్కుపోయి ఉండేవాణ్ణి. ఈసారి కూర్చున్న చోటే ఉన్నాను. మణికట్లు కూడా నొప్పి పుట్టలేదు. ముందుకు జారకపోతే చేతుల మీద బరువు పడదన్నది అప్పుడు తెలిసింది.

లోపాలూ చెప్పాలి. సీటు ఎత్తు ముప్పావు అంగుళం పెరిగింది. నాకు రెండు పాదాలూ పూర్తిగా ఆనడం లేదు, మడమలు కొంచెం లేస్తాయి. నాకంటే పొట్టిగా ఉండేవాళ్ళు ఈ సంగతి ముందే భాయ్‌తో మాట్లాడుకోవాలి. గట్టి దిమ్మె వేయడం వల్ల సీటు బరువు కూడా కొంచెం పెరిగింది, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. అసలు ఇబ్బంది ఈ నవంబరులో వచ్చింది. మనకు పెద్ద వానలు పడేది ఇప్పుడే. మూడు రోజులు వరుసగా తడిసిన తర్వాత వెనక మూలలో రెండు పిన్నులు తుప్పు పట్టి లేచాయి, అక్కడి నుంచి నీళ్ళు లోపలికి దిగాయి. ఎండాక కూడా రెండు రోజులు కూర్చుంటే చల్లగా తగిలేది. తీసుకెళ్తే తుప్పు పట్టని పిన్నులు కొట్టి ఇచ్చారు. మీరు చేయించుకుంటే మొదటే ఆ పిన్నులు వేయమని అడగండి. ఇంకో మాట, ఆయన ఫోన్ ఎత్తరు. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు పోతే మూడు దాకా షాపు మూసే ఉంటుంది. సీటు ఒక్కటే విప్పి తీసుకెళ్ళకండి, బండితో పాటు మనిషి ఉంటేనే పని ముట్టుకుంటారు. మందపాటి జీన్స్ కాకుండా రోజూ వేసుకునే ప్యాంటుతో పొండి, రోజంతా తీరిక చేసుకుని పొండి.

వెనక సీటు మాత్రం పాతదే ఉంది. మా ఆవిడ సంకటహర చతుర్థికి నాతో కాణిపాకం వస్తుంది, పోను రాను 140 కిలోమీటర్లు అవుతుంది. ముందు సీటు ఎత్తు పెరిగాక ఆమెకు వెనక భాగం పల్లంగా అనిపిస్తోందట, నా వీపు మీదికి జారుతున్నానంటుంది. పోయిన నెల వచ్చేటప్పుడు పాకాలలో రెండుసార్లు బండి ఆపించింది. నా నొప్పి తీరిందని నేను సంతోషపడుతున్న ఆరు నెలలూ ఆమె ఏమీ అనకుండా కూర్చుంది, అది నాకు బాధగా ఉంది. పిన్నులు కొట్టించిన రోజే భాయ్‌ని అడిగాను, వెనక సీటు కూడా ఇప్పుడే చేసేయండి అని. ఆయన ఒప్పుకోలేదు. "మేడమ్‌ని తీసుకురండి సార్. ఆమె అట్ట మీద కూచోకుండా నేను కత్తి పట్టను" అన్నారు. ఆదివారం పొద్దున పదికి ఇద్దరం పోతున్నాం.