అమెరికా పాస్‌పోర్టు వచ్చాక ఊళ్లో ఆస్తి: తమ్ముడి పేరా, నాన్న పేరా, సొంత పేరా?

అమెరికా పౌరసత్వం తీసుకున్న రోజు నుంచి, నల్గొండలో పుట్టినా పాలమూరులో పుట్టినా, చట్టం లెక్కలో ఇండియా మీకు పరాయి దేశమే. ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉంటే వీసా బాధ ఉండదు, బ్యాంకు ఖాతా పెట్టుకోవచ్చు, ఇల్లూ ఫ్లాటూ ఓపెన్ ప్లాటూ కొనుక్కోవచ్చు. పొలం, ఫాంహౌస్, తోట మాత్రం కొనకూడదు. 2019లో వచ్చిన ఫెమా (విదేశీ మారక నిర్వహణ చట్టం) నిబంధనలు ఈ మాట సూటిగానే చెబుతున్నాయి. ఇండియా పాస్‌పోర్టుతో హెచ్‌1బీ మీదో, గల్ఫ్‌లోనో ఉన్నవాళ్లు ఇది తమకు వర్తించదనుకుంటారు. కానీ ఫెమా పాస్‌పోర్టును కాదు, నివాసాన్ని చూస్తుంది. ఎన్నారైకీ పొలం కొనే హక్కు లేదు. దేశం విడిచి వెళ్లకముందు కొన్న పొలం మాత్రం ఎప్పటికీ వాళ్లదే, దానికి ఏ అడ్డూ లేదు.

ఈ నిబంధన తెలియక ఎక్కువమంది దెబ్బతినేది ఫాం ప్లాట్ల దగ్గర. విజయవాడ హైవేలో చౌటుప్పల్ దాటాక, బెంగళూరు హైవేలో షాద్‌నగర్ నుంచి భూత్పూర్ దాకా, శ్రీశైలం రోడ్డులో ఆమనగల్, కల్వకుర్తి వైపు గుంటల లెక్కన అమ్మే జాగాలు ఇవే. రెండు గుంటలంటే 242 గజాలు. చుట్టూ ఫెన్సింగ్, నాలుగు మామిడి మొక్కలు, గేటు మీద పెద్ద బోర్డు ఉంటాయి కాబట్టి చూడ్డానికి అచ్చం లేఅవుట్ లాగే ఉంటుంది. తేడా పట్టుకోవడం మాత్రం తేలిక. రిజిస్ట్రేషన్ ఎక్కడ అని అడగండి. తహసీల్దార్ ఆఫీసులో చేసి పట్టాదారు పాసుబుక్కు ఇస్తామంటే అది వ్యవసాయ భూమి, మీరు ముట్టకూడనిది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ప్లాటు నంబరు, గజాలతో చేస్తామంటే అప్పుడు నాలా మార్పిడి (వ్యవసాయేతర భూమిగా మార్చిన) ఉత్తర్వు, లేఅవుట్లకు అనుమతిచ్చే డీటీసీపీ లేదా హెచ్‌ఎండీఏ వాళ్ల లేఅవుట్ నంబరు, రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరా నంబరు అడగాలి. గ్రామ పంచాయతీ తీర్మానం ఒక్కటే చూపిస్తే అది అనుమతి కింద లెక్కకు రాదు.

తమ్ముడి పేరు మీద

చాలామంది మొదట అనుకునేది ఇదే: ఎలాగూ మన పేరు మీద రాదు, డబ్బు పంపిద్దాం, తమ్ముడి పేరు మీద నాలుగెకరాలు కొందాం, తర్వాత చూసుకుందాం. మూడు దారుల్లో నికరంగా చెడ్డది ఇది. తమ్ముడు మంచివాడు కాదని కాదు, చట్టమే ఇక్కడ రెండువైపులా మూసేసి ఉంది.

1988 బినామీ చట్టాన్ని 2016లో గట్టిగా సవరించారు. ఒకరి డబ్బుతో ఇంకొకరి పేరు మీద ఆస్తి కొని, లాభం డబ్బిచ్చినవాడిదే అనుకుంటే అది బినామీ. భార్యాభర్తలకూ పిల్లలకూ మినహాయింపు ఉంది. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, తల్లిదండ్రుల విషయంలో మాత్రం డబ్బిచ్చినవాడి పేరు కూడా ఉమ్మడి యజమానిగా పత్రంలో కనిపిస్తేనే మినహాయింపు. వ్యవసాయ భూమి పత్రంలో మీ పేరు పెడితే ఫెమా ఒప్పుకోదు. పెట్టకపోతే బినామీ చట్టం ఒప్పుకోదు. పట్టుబడితే ఆస్తి జప్తు అవుతుంది, ఏడాది నుంచి ఏడేళ్ల దాకా జైలు ఉంటుంది, మార్కెట్ విలువలో 25 శాతం దాకా జరిమానా పడొచ్చు. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటి: ‘ఆ భూమి నిజానికి నాది, నా డబ్బుతో కొన్నది’ అని మీరు కోర్టుకెక్కే హక్కును కూడా ఆ చట్టం తీసేసింది. తమ్ముడికి ఏమైనా జరిగితే భూమి ఆయన భార్యాపిల్లలకూ తల్లికీ వెళ్తుంది. వాళ్లు ఇవ్వనంటే తప్పు పట్టడానికి కూడా లేదు, కాగితం ప్రకారం అది వాళ్లదే.

తమ్ముడికి నిజంగానే ఇవ్వాలనుకుంటే డబ్బు బహుమతిగా ఇచ్చేసి, ఆ భూమి మీద ఆశ వదులుకోండి. అది వేరే సంగతి, అందులో ఏ తప్పూ లేదు.

నాన్న పేరు మీద

ఇది కుదిరే దారే, కానీ నిజమైన బహుమతి అయితేనే. బ్యాంకు ద్వారా నాన్న ఖాతాకు డబ్బు పంపాలి. ‘ఇంత మొత్తం బహుమతిగా ఇచ్చాను’ అని ఒక పేజీ ఉత్తరం ఇద్దరూ సంతకం పెట్టి ఉంచుకోవాలి. కొనేది నాన్న, కాస్తు చేయించేది నాన్న, కౌలు డబ్బు తీసుకునేదీ నాన్నే. పిల్లల నుంచి తల్లిదండ్రులకు వచ్చే బహుమతి మీద ఇండియాలో పన్ను లేదు, మొత్తానికి పరిమితీ లేదు. అమెరికా వైపు 2025, 2026 సంవత్సరాల్లో ఒక్కో మనిషికి 19,000 డాలర్లు దాటితే ఫారం 709 దాఖలు చేయాలి. మామూలుగా పన్ను పడదు, తెలియజేయడం మాత్రం తప్పనిసరి. అమ్మకూ నాన్నకూ విడివిడిగా పంపితే ఏడాదికి 38,000 డాలర్ల దాకా ఆ ఫారం అవసరమే రాదు.

ఇక నాన్న నుంచి మీకు ఎలా వస్తుంది? ఇక్కడే ఎక్కువమంది గిఫ్ట్ డీడ్ వైపు వెళ్లి చిక్కుకుంటారు. ఇల్లు, ప్లాటు బంధువులైన ఎన్నారైకి, ఓసీఐకి గిఫ్ట్ ఇవ్వొచ్చు. పొలం ఇవ్వకూడదు. పొలం మీకు రావడానికి ఒకే ఒక్క తలుపు ఉంది, వారసత్వం. కాబట్టి కావాల్సింది వీలునామా.

వీలునామా లేకుండా నాన్న పోతే హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, కొడుకులు, కూతుళ్లు, బతికుంటే నాన్నమ్మ, అందరికీ సమాన వాటాలు. మీరు పంపిన డబ్బుతో కొన్న నాలుగెకరాలూ అందులో కలిసిపోతాయి. నలుగురు వారసులుంటే మీ వంతు ఒక్క ఎకరం. ఆడపిల్లలకు వాటా లేదనే మాట ఊళ్లలో ఇంకా వినిపిస్తుంది, కానీ మన ఉమ్మడి రాష్ట్రం 1986లోనే చట్టం సవరించి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో హక్కు ఇచ్చింది. 2005లో దేశమంతటా కూతుళ్లందరికీ వచ్చింది. చెల్లెలి సంతకం లేకుండా విరాసత్ (వారసుల పేరుకు పట్టా మార్పిడి) చేయించుకున్న భూమి ఏనాటికైనా కోర్టు మెట్లు ఎక్కిస్తుంది.

వీలునామా తెల్ల కాగితం మీద రాసినా చెల్లుతుంది, స్టాంపు డ్యూటీ లేదు. ఇద్దరు సాక్షులు తప్పనిసరి. ఆస్తి పొందేవాళ్లెవరూ సాక్షులుగా ఉండకపోవడం మేలు. రిజిస్టర్ చేయించడం తప్పనిసరి కాకపోయినా చేయించండి. ‘నా భూములన్నీ’ అని రాయకండి. సర్వే నంబరు, సబ్ డివిజన్, ఎకరాలు-గుంటలు, పాసుబుక్కు నంబరు, నాలుగు హద్దులు ఉండాలి. నాన్న సొంతంగా కొన్న భూమిని ఆయన ఎవరికైనా రాయొచ్చు. తాతల నాటి ఉమ్మడి ఆస్తిలో మాత్రం తన వాటా వరకే రాయగలడు. ఈ రెంటినీ ఒకే వీలునామాలో తేడా చూపకుండా కలిపేస్తే తర్వాత మొత్తం పత్రమే వివాదంలో పడుతుంది.

నాన్న కొనే భూమి ఎలాంటిదో కూడా ఈ ప్రాంతంలో ప్రత్యేకంగా చూసుకోవాలి. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదార్లకు 38-ఈ (యాజమాన్య హక్కు) సర్టిఫికెట్లు ఇచ్చిన సర్వే నంబర్లు ఉన్నాయి. 1977 చట్టం ప్రకారం అమ్మకూడని అసైన్డ్ (ప్రభుత్వం పేదలకిచ్చిన) భూములున్నాయి. వినోబా భావేకు 1951లో తొలి దానం దొరికిన పోచంపల్లి అప్పటి నల్గొండ జిల్లాదే. ఆ తర్వాత పేదలకు పంచమని దానంగా ఇచ్చిన భూదాన్ భూములు ఇప్పటికీ చేతులు మారుతూ కనిపిస్తాయి. సాదా బైనామాతో (రిజిస్ట్రేషన్ లేని తెల్లకాగితం ఒప్పందంతో) కొన్నదాన్ని ‘రేపోమాపో పట్టా అవుతుంది’ అని అమ్మజూపేవాళ్లూ ఉంటారు. పాత పహాణీలు (ఊరి భూరికార్డులు) తీయించి, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22-ఏ నిషేధిత జాబితాలో సర్వే నంబరు లేదని చూసుకున్నాకే బయానా ఇవ్వాలి.

సొంత పేరు మీద

ప్లాటో ఫ్లాటో అయితే నా ఓటు ఎప్పుడూ దీనికే. డబ్బు విదేశం నుంచి నేరుగా గానీ, ఎన్నారైలకు బ్యాంకులు తెరిచే ఎన్‌ఆర్‌ఈ, ఎఫ్‌సీఎన్‌ఆర్, ఎన్‌ఆర్‌ఓ ఖాతాల నుంచి గానీ వెళ్లాలి. డాలర్ నోట్లు ఇవ్వడం కుదరదు. ‘సగం నగదు’ అనే బేరానికి అసలే దిగొద్దు. అలా ఇచ్చింది మీ కొనుగోలు ధరలో లెక్కకు రాదు, అమ్మేటప్పుడు దాని మీద కూడా పన్ను కడతారు, తిరిగి అమెరికాకు తీసుకెళ్లడానికీ దారి ఉండదు.

ప్లాటా ఫ్లాటా అంటే, ఊళ్లో చూసుకునే మనిషి ఉన్నాడా లేడా అన్నదే తేలుస్తుంది. నల్గొండ, మిర్యాలగూడ, జడ్చర్ల చుట్టుపక్కల ఖాళీ ప్లాటును ఏడాది పట్టించుకోకపోతే కడీలు (హద్దు రాళ్లు) కదులుతాయి, పక్క ప్లాటు ప్రహరీ మూడడుగులు లోపలికొస్తుంది. నాలుగు మూలలా కడీలు పాతించి, ఆరు నెలలకోసారి తేదీతో ఫొటోలు తీయించి, ఏడాదికోసారి ఆన్‌లైన్‌లో ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం) చూసుకుంటూ ఖాళీ స్థలం పన్ను కడితే భద్రం. ఆ పని చేసే మనిషి లేకపోతే ఫ్లాటే నయం. ఫ్లాటుకు ఒక చిక్కు ఉంది. యజమాని ఎన్నారై అయితే అద్దెకుండేవాళ్లు 31.2 శాతం టీడీఎస్ (మీకిచ్చే డబ్బులోంచి ముందే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) పట్టి కట్టాలి. చిన్న పట్టణంలో ఈ పని తెలిసిన కిరాయిదారు దొరకడం కష్టం, కాబట్టి అద్దె ఒప్పందంలోనే రాయించి, మీ ఆడిటర్ చేత కట్టించండి.

అమ్మేటప్పుడు పెద్ద దెబ్బ టీడీఎస్ దగ్గరే. 20 లక్షలకు కొని రెండేళ్లు దాటాక 48 లక్షలకు అమ్మారనుకోండి. లాభం 28 లక్షలు. 12.5 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్సు కలిపి 13 శాతం, అంటే 3,64,000 రూపాయలు. కొనేవాడు మాత్రం మొత్తం 48 లక్షల మీద పట్టేస్తాడు, 6,24,000. తేడా 2,60,000 రిటర్న్ వేసి రీఫండ్ వచ్చేదాకా ఆగుతుంది. బేరం కుదిరిన వెంటనే ఆదాయపు పన్ను శాఖ నుంచి తక్కువ టీడీఎస్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేస్తే అసలు పన్ను మేరకే పడుతుంది. అందుకు నెలకు పైగా పట్టొచ్చు, కాబట్టి అగ్రిమెంటులో గడువు ఎక్కువ పెట్టించండి. 2024 జూలై 23 తర్వాత ఇండెక్సేషన్ (ధరల పెరుగుదల మేరకు కొన్న ధరను పెంచి లెక్కించడం) ఎంచుకునే వీలు రెసిడెంట్లకే మిగిలింది, ఎన్నారైలకు లేదు.

వారసత్వంగా వచ్చిన పొలం: ఉంచాలా, అమ్మాలా?

తెలంగాణలో భూరికార్డుల భూభారతి చట్టం వచ్చాక విరాసత్ దరఖాస్తు మీద తహసీల్దార్ వారసులందరికీ నోటీసులిచ్చి, విచారణ చేసి 30 రోజుల్లో తేల్చాలి. ఆ తర్వాత భూమి మీ పేరు మీద ఎంతకాలమైనా ఉండొచ్చు. అమ్మితే ఇండియాలో నివసించేవాళ్లకే అమ్మాలి, సాటి ఓసీఐ స్నేహితుడికి కాదు.

పన్ను సంగతిలో పొలానికి ఒక మేలుంది. పల్లె వ్యవసాయ భూమి మూలధన ఆస్తి కాదు, అమ్మితే ఇండియాలో లాభం మీద పన్ను లేదు. పల్లె భూమి అంటే జనాభా లక్ష దాటిన నల్గొండ, మహబూబ్‌నగర్ లాంటి పట్టణాల హద్దు నుంచి 6 కిలోమీటర్లు, వనపర్తి, గద్వాల లాంటి చిన్న మున్సిపాలిటీల నుంచి 2 కిలోమీటర్లు నేరుగా కొలిచి దాటి ఉండాలి. రేటు ఎక్కువ పలుకుతుందని ముందే నాలా మార్పిడి చేయించుకుంటే ఈ మినహాయింపు పోతుంది. ఎకరం రెండెకరాలవాళ్లు మార్చకుండా అమ్మడమే మంచిది.

అమెరికా మాత్రం ఈ మినహాయింపును ఒప్పుకోదు, లాభం మీద పన్ను అడుగుతుంది. అయితే వారసత్వ ఆస్తికి వాళ్లు నాన్న కొన్న ధర కాదు, నాన్న పోయిన రోజు విలువనే కొన్న ధరగా తీసుకుంటారు. ఆ రోజు విలువకు రిజిస్టర్డ్ వాల్యూయర్ నివేదిక తీసుకుని దాచండి. అది లేకపోతే పదేళ్ల తర్వాత రుజువు చేయడం చాలా కష్టం. వారసత్వంగా వచ్చిన విలువ ఏడాదిలో 1,00,000 డాలర్లు దాటితే ఫారం 3520 వేయాలి. పన్ను లేకపోయినా వేయకపోతే జరిమానా 25 శాతం దాకా వెళ్తుంది. డబ్బు ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో పడ్డాక, చార్టర్డ్ అకౌంటెంట్ సర్టిఫికెట్‌తో ఏడాదికి 10 లక్షల డాలర్ల దాకా తీసుకెళ్లొచ్చు. ఇండియా ఖాతాలన్నీ కలిపి ఏ రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (అమెరికాకు విదేశీ ఖాతాల వివరాలిచ్చే ఫారం) కూడా వేయాలి.

నా అంచనా ఇదీ: పక్క గెట్టు (ఆనుకుని ఉన్న పొలం) అన్నదమ్ములదై, నమ్మకమైన కౌలుదారు ఉంటే ఉంచుకోండి. పిల్లలు ఊరు రారని తెలిసి, కౌలు కూడా చేతికందని భూమి అయితే మీ చేతుల మీదుగానే అమ్మండి. పిల్లల తరానికి వదిలితే ఈ కాగితాల పనంతా ఆ ఊరూ ఆ భాషా తెలియని వాళ్ల మీద పడుతుంది.

రావాలా, పవర్ ఇవ్వాలా?

వీలైతే రిజిస్ట్రేషన్‌కు స్వయంగా రండి. కుదరకపోతే జీపీఏ (అన్ని పనులకూ చెల్లే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) కాదు, ఆ ఒక్క పనికే పరిమితమైన స్పెషల్ పవర్ ఇవ్వండి. అమెరికాలో నోటరీ ముందు సంతకం పెట్టి రాష్ట్ర ప్రభుత్వ అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా ఇచ్చే ధ్రువీకరణ) చేయించాలి, లేదా భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించుకోవాలి. ఆ కాగితం ఇండియాకు చేరిన మూడు నెలల్లో జిల్లా రిజిస్ట్రార్ దగ్గర స్టాంపు డ్యూటీ కట్టి వ్యాలిడేట్ చేయించాలి. గడువు దాటితే చిక్కులు తప్పవు. పవర్ ఇచ్చిన మనిషి చనిపోతే ఆ పవరూ పోతుంది. జీపీఏతో కొన్నంత మాత్రాన ఆస్తి మీది కాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చి చెప్పింది.

చివరిగా పేరు సంగతి. పాసుబుక్కులో ఇంటిపేరు ముందు పొడి అక్షరంగా, అమెరికా పాస్‌పోర్టులో చివర పూర్తిగా, పాన్ కార్డులో ఇంకోలా ఉంటుంది. పెళ్లయిన ఆడవాళ్లకైతే ఇంటిపేరే మారిపోయి ఉంటుంది. ఏడాదిలో 182 రోజులు ఇండియాలో ఉండని ఓసీఐకి ఆధార్ రాదు కాబట్టి పాస్‌పోర్టు, ఓసీఐ కార్డు, పాన్ మీదే పని జరగాలి. అమ్మకానికి ఆరు నెలల ముందే పాన్ పేరును పాస్‌పోర్టుకు సరిచేయించి, పాత పేరూ కొత్త పేరూ ఒకరివేనని అఫిడవిట్ చేయించి, పాత ఇండియా పాస్‌పోర్టు, పదో తరగతి మెమో దగ్గర పెట్టుకోండి. వీలునామాలో నాన్న మీ పేరును రెండు రకాలుగానూ రాయిస్తే ఈ పనిలో సగం అక్కడే తీరిపోతుంది.