విశాఖ తీరంలో మొదటి పడవ: కయాకా, ఫైబర్ బోటా, తెరచాప పడవా?

సరదాగా సముద్రం మీద తిరగడానికి విశాఖపట్నంలో తొలిసారి చిన్న పడవ కొనాలనుకునేవారు సాధారణంగా ఇంజను బలాన్ని, ఎందరు కూర్చోవచ్చన్న లెక్కను ముందు చూస్తారు. నిజానికి ఇక్కడ పడవను నిర్ణయించేది ఒడ్డుకూ కెరటాలు విరిగే చోటుకూ మధ్య ఉన్న ఆ కొద్ది గజాల నీళ్లే. ఆర్కే బీచ్‌లోనైనా రుషికొండలోనైనా మన పడవను ఇసుక మీద నుంచే దింపాలి, తిరిగి ఇసుక మీదికే ఈడ్చుకోవాలి. వీటిలో ఆర్కే బీచ్‌ను లోపలికి లాగే ప్రవాహాల దృష్ట్యా మొదటే పక్కన పెట్టడం మంచిది.

మత్స్యకారులు వాడే ఫైబర్ బోటు దృఢమైనది, నలుగురిని మోస్తుంది, పాడైతే బాగుచేసేవారు ఫిషింగ్ హార్బర్ చుట్టుపక్కలే దొరుకుతారు. అయితే దానిని నీటిలోకి నెట్టడానికే నలుగురు కావాలి. పడవ వెనుక బిగించే 9.9 హార్స్‌పవర్ ఫోర్‌స్ట్రోక్ ఔట్‌బోర్డ్ ఇంజను ఒక్కటే సుమారు 40 కిలోలు తూగుతుంది. కెరటం విరిగే చోట ఇంజను ఆగిపోతే తెరిచి ఉన్న పడవ అడ్డం తిరిగి నీళ్లు నింపుకుంటుంది, నిండిన పడవను కొత్తవాడు అలల మధ్య తోడి తేల్చలేడు. జాలరులు ఆ చోటును అవలీలగా దాటడం చూసి మోసపోకూడదు. కెరటాల వరుసలో ఏది పెద్దదో, దాని తరువాత ఎంత విరామం ఉంటుందో చిన్ననాటి నుంచి చూసిన కన్ను వారిది.

పైన కూర్చుని తెడ్డుతో నడిపే ప్లాస్టిక్ కయాక్‌ను విదేశీ ఆటవస్తువుగా కొట్టిపారేసేవారున్నారు గానీ, నా దృష్టిలో ఈ తీరపు పాత కొయ్య తెప్పకు ఫైబర్ బోటు కంటే అదే దగ్గరి చుట్టం. దుంగలను తాళ్లతో బిగించిన తెప్పకు నీళ్లు నింపుకునే కడుపే లేదు; మీద పడిన కెరటం సందుల్లోంచి జారిపోయేది, తెప్ప తేలుతూనే ఉండేది. మూసి ఉన్న డొల్ల మీద కూర్చునే ఈ కయాక్‌లోనూ పైకి వచ్చిన నీరు అడుగుదాకా ఉన్న రంధ్రాల గుండా దిగిపోతుంది. బోల్తా పడితే దానిని తిప్పి మళ్లీ ఎక్కవచ్చు, ఆ ఎక్కడం మాత్రం ముందే నేర్చుకుని ఉండాలి. పాతిక ముప్ఫై కిలోల బరువు కాబట్టి ఇద్దరు సులభంగా మోస్తారు, కారు పైకప్పు మీద ఇంటికి తెచ్చుకోవచ్చు. దూరం పోలేకపోవడం దీని లోపమే, కానీ మొదటి ఏడాది అది లోపమని నేను అనను.

తెరచాప పడవల్లో పదిహేనేళ్లలోపు పిల్లలకు ఆప్టిమిస్ట్, పెద్దలకు లేజర్ ప్రసిద్ధమైనవి. ఆప్టిమిస్ట్ పొడవు 2.3 మీటర్లు, లేజర్ పొడవు 4.2 మీటర్లు. గాలిని చదవడం వీటంత బాగా మరే పడవా నేర్పదు, అయితే ఆ పాఠం విరిగే అలల్లో మొదలుపెట్టేది కాదు. లేజర్ పోటీలు జరిగే హుస్సేన్ సాగర్ వంటి నిలకడ నీటిలో చేయి తిరిగాక సముద్రానికి రావడమే మేలు. ఇక గాలి నింపే రబ్బరు పడవ అపార్ట్‌మెంట్‌లో దాచుకోవడానికి బాగుంటుంది, కానీ నీటిలో లోతుగా దిగదు కనుక నేల మీద నుంచి వీచే గాలికి తెడ్డు వేసేవాడి చేతిలో నిలవదు.

ఇదే ప్రశ్న కాకినాడవారు అడిగితే నా జవాబు తిరగబడుతుంది. సుమారు 16 కిలోమీటర్ల పొడవున్న హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ బంగాళాఖాతపు కెరటాలను అడ్డుకోవడం వల్ల లోపలి జలాలు చాలావరకు నెమ్మదిగా ఉంటాయి, ఉప్పుటేరులో పడవ కట్టుకునే వీలుంది. అక్కడ కుటుంబంతో తిరిగేవారికి చిన్న ఇంజనుతో ఫైబర్ బోటే తగినది. పోటు తీసినప్పుడు బురదలో చిక్కుకోకుండా లోతు చూసుకోవాలి, అంతే.

సెకండ్‌హ్యాండ్ ఫైబర్ బోటు చూడదలచినవారికి వేట నిషేధం ఉండే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు అనువైన కాలం. పడవలు ఒడ్డున ఉంటాయి గనుక ఇసుకకు అరిగిన అడుగును, ఇంజను బిగించే వెనుక పలకను వేళ్లతో తట్టి చూడవచ్చు. గట్టి చప్పుడు రాక మెత్తగా వినిపించిన చోట లోపలి చెక్క నానిందేమోనని అనుమానించాలి. విశాఖలో కయాక్ కొన్నవారు ఆ తొందర లేకుండా నైరుతి రుతుపవనాల ఉధృతిని, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలాన్ని దాటనిచ్చి, ఫిబ్రవరిలో అల చిన్నగా ఉన్న ఉదయం లైఫ్ జాకెట్ వేసుకుని, తోడుగా మరో కయాక్‌తో రుషికొండ దగ్గర దిగవచ్చు. డాల్ఫిన్ నోస్ కొండ కింద ఓడలు వచ్చిపోయే కాలువ వైపు మాత్రం ఏ పడవతోనూ వెళ్లరాదు.