తెలుగు జాబితాలకు ఇంటల్ కొలేటర్: చాలాకాలం వాడాక నా సమీక్ష

తెలుగు పేర్లను అకారాది క్రమంలో పెట్టడానికి జావాస్క్రిప్ట్‌లోని మామూలు సార్ట్ సరిపోదా, భాషను బట్టి మాటలను పోల్చే ఈ ఇంటల్ కొలేటర్ ఎందుకు అని తోటి ప్రోగ్రామర్లు అడుగుతుంటారు. శుభ్రంగా టైప్ చేసిన తెలుగు మాటలు మాత్రమే ఉంటే మామూలు సార్ట్ దాదాపుగా సరిపోతుంది. అది ప్రతి అక్షరానికీ యూనికోడ్ ప్రమాణం ఇచ్చిన నంబరునే పోలుస్తుంది. యూనికోడ్‌లో తెలుగు అచ్చులు ముందు, తర్వాత హల్లులు, ఆ తర్వాత గుణింతపు గుర్తులు, వాటి వెనక పొల్లు ఉంటాయి. సున్నా, విసర్గ అచ్చులకంటే ముందే ఉన్నా 'అంగడి' ఎలాగూ 'అక్క'కు ముందే రావాలి కాబట్టి గొడవ లేదు. ౠ, ౘ లాంటి అరుదైన అక్షరాలు మాత్రం చివర్లో పడ్డాయి. అవి మన జాబితాల్లో ఎన్నిసార్లు వస్తాయి?

కొలేటర్ అవసరం పడేది డేటా శుభ్రంగా లేనప్పుడు. మన డేటా ఎప్పుడు శుభ్రంగా ఏడ్చింది గనక!

నేను దీన్ని వాడేది సభ్యుల పేర్లు, ఊళ్లు, సర్వే నంబర్లు ఉండే అప్లికేషన్‌లో. బ్రౌజర్‌లోనూ, వెనక నోడ్ (బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్‌ను నడిపేది) సర్వర్‌లోనూ ఇదే నడుస్తుంది. జావాస్క్రిప్ట్‌లో వివిధ భాషల సదుపాయాలను నిర్దేశించే, 2012లో వచ్చిన ఎక్మా-402 ప్రమాణంలో భాగం కాబట్టి విడిగా ఇన్‌స్టాల్ చేసేదేమీ లేదు. లోపల పని చేసేది యూనికోడ్ పనులు చేసిపెట్టే ఐసీయూ లైబ్రరీ. ఏ భాషకు ఏ వరస అన్న వివరం భాషల సమాచార భండారమైన సీఎల్‌డీఆర్ నుంచి వస్తుంది.

మొదట నా మనసు గెలుచుకున్నది కంటికి కనపడని ఒక అక్షరం విషయంలో. 'రాజ్‌కుమార్' అని రాసేటప్పుడు జ కింద క వత్తు పడకుండా చాలామంది మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ పెడతారు. కొందరు పెట్టరు, అప్పుడది 'రాజ్కుమార్' అవుతుంది. ఆ కనపడని అక్షరం నంబరు తెలుగు అక్షరాలన్నిటికంటే చాలా పెద్దది. అందుకే మామూలు సార్ట్‌లో ఒక రాజ్‌కుమార్ రాజ్యలక్ష్మికి ముందు, ఇంకొక రాజ్‌కుమార్ ఆమెకు వెనక తేలతారు. వాడేవాళ్లకు ఇది పిచ్చి లెక్కగా కనిపిస్తుంది, 'మీ సాఫ్ట్‌వేర్‌కు తెలుగు రాదండీ' అంటారు. కొలేటర్ ఆ అక్షరాన్ని పూర్తిగా పక్కన పెట్టేస్తుంది, రెండు రూపాలకూ పోలిక ఫలితం సున్నా. డూప్లికేట్ సభ్యులను పట్టుకోవడానికి నాకు ఇంతకంటే బాగా ఉపయోగపడింది ఇంకొకటి లేదు. ఐత్వం సంగతీ ఇంతే. 'కై'లోని గుర్తును ఒకే అక్షరంగా దాచవచ్చు, ఎత్వమూ కింది గుర్తూ కలిపి రెండుగానూ దాచవచ్చు. తెర మీద ఒకేలా ఉంటాయి, నేరుగా పోలిస్తే వేరు. కొలేటర్‌కు రెండూ ఒకటే.

ఇక అంకెలు. న్యూమరిక్ ఆప్షన్ ఆన్ చేస్తే 'వార్డు 2' తర్వాతే 'వార్డు 10' వస్తుంది. 12/2, 12/10, 112/1 లాంటి సర్వే నంబర్లు మనిషి పెట్టే వరసలోనే కూర్చుంటాయి. తెలుగు అంకెల్లో ౧౦ అని రాసినా దానికి తెలుసు. ఒక్కటే జాగ్రత్త: దశాంశాల మీద దీన్ని ప్రయోగించకండి. 1.5 కంటే 1.10 పెద్దదంటుంది, ఎందుకంటే చుక్కకు అటూ ఇటూ ఉన్నవి దాని దృష్టిలో రెండు విడి సంఖ్యలు. ఇగ్నోర్ పంక్చుయేషన్ అనే ఆప్షన్ ఇంటిపేర్ల పొడి అక్షరాలకు బాగుంటుంది. 'కె. రామారావు', 'కె.రామారావు' ఒకటైపోతాయి. అదే ఆప్షన్‌ను సర్వే నంబర్లున్న కాలమ్‌కు, న్యూమరిక్ లేకుండా, పెడితే 12/3, 123 కూడా ఒకటైపోతాయి. అందుకే నా దగ్గర పేర్లకు ఒక కొలేటర్, నంబర్లకు ఇంకొకటి ఉంటాయి.

వేగం మాటకొస్తే, నెమ్మదిగా ఉందని ఫిర్యాదు చేసేవాళ్లలో చాలామంది వాడుతున్నది నిజానికి రెండు మాటలను పోల్చే లొకేల్ కంపేర్ అనే వేరే ఫంక్షన్. లక్ష పేర్లను సార్ట్ చేయడానికి సుమారు 15, 16 లక్షల పోలికలు కావాలి. ప్రతి పోలికలోనూ భాష పేరు, ఆప్షన్లు మళ్లీ మళ్లీ ఇవ్వడమంటే ప్రతి తూకానికీ కొత్త తక్కెడ కొనడమే. కొలేటర్‌ను ఒక్కసారి తయారుచేసి, దాని కంపేర్‌ను నేరుగా సార్ట్‌కు ఇచ్చేయండి. అలా చేసినా ఉత్త కోడ్ నంబర్ల పోలికంత వేగం రాదు, చేసే పనే ఎక్కువ. ఇక్కడ నాకున్న అసంతృప్తి ఒకటే. ఐసీయూలో సార్ట్ కీ అనే సదుపాయం ఉంది. ప్రతి పేరుకూ ఒక్కసారి కీ కట్టించి పెట్టుకుంటే ఆ తర్వాత బైట్లను పోల్చితే చాలు. జావాలో దాన్ని కొలేషన్ కీ అంటారు. జావాస్క్రిప్ట్‌కు మాత్రం దాన్ని బయటపెట్టలేదు.

సెర్చ్ బాక్స్ కోసం దీన్ని నమ్ముకోవద్దు. పూర్తి మాటను పూర్తి మాటతో పోల్చడమే తప్ప, ఫలానా ముక్కతో మొదలవుతుందా, మధ్యలో ఉందా అని అడిగే దారి లేదు. సెన్సిటివిటీని (ఎంత చిన్న తేడాను పట్టించుకోవాలన్న ఆప్షన్) బేస్‌కు తగ్గిస్తే ఇంగ్లీషులో పెద్దబడి చిన్నబడి (క్యాపిటల్, స్మాల్ అక్షరాల) తేడా పోతుంది గానీ, తెలుగులో రవి, రవీ వేర్వేరుగానే ఉంటాయి. 'చంద్రం', 'చన్ద్రం' కూడా అంతే. వెతుకులాటకు నేను టెక్స్ట్‌ను ఎన్‌ఎఫ్‌సీ అనే ఏకరూపంలోకి మార్చి (దీన్నే నార్మలైజ్ చేయడం అంటారు), కనపడని అక్షరాలను తీసేసి, విడి కాలమ్‌లో దాచుకుంటాను. నార్మలైజ్ ఒక్కటే చేస్తే ఆ నాన్ జాయినర్ పోదు, అది వేరే తీసేయాల్సిందే.

పాత సర్వర్లు ఉన్నవాళ్లకు ఒక మాట. నోడ్ 13కు ముందు, అంటే 2019 చివరి దాకా, మామూలుగా దించుకునే నోడ్‌లో ఇంగ్లీషు డేటా ఒక్కటే ఉండేది. తెలుగు అని అడిగితే ఎర్రర్ కూడా ఇవ్వకుండా ఇంగ్లీషు వరసలో పని కానిచ్చేది. తెలుగు లొకేల్‌లో తెలుగు పేర్లు ముందు, ఇంగ్లీషు పేర్లు తర్వాత వస్తాయి. ఇంగ్లీషు లొకేల్‌లో ఇది తారుమారు. జాబితా పైన ఇంగ్లీషు పేర్లు తేలాయంటే కొలేటర్ ఇచ్చే రిజాల్వ్డ్ ఆప్షన్స్‌లో ఏ భాష చూపిస్తోందో ముందు చూడండి.

నా అసలు పేచీ ఱ దగ్గర. బడిలో మనం నేర్చుకున్న వరస 'శ ష స హ ళ క్ష ఱ'. యూనికోడ్ వరస ర, ఱ, ల, ళ, వ. కొలేటర్ ళను హ తర్వాతే పెడుతుంది గానీ, ఱను మాత్రం యూనికోడ్ లాగే ర పక్కనే పెడుతుంది. దాంతో 'ఎఱ్ఱన' వచ్చాకే 'ఎల్లయ్య' వస్తాడు. కంప్యూటర్ ముందు కూర్చునే కుర్రవాళ్లు ఎవరూ పట్టించుకోరు. జాబితాను ప్రింట్ తీసి పెద్దవాళ్ల చేతిలో పెడితే మాత్రం అడుగుతారు, అడగడంలో న్యాయమూ ఉంది. ఇంటల్ కొలేటర్‌కు మన సొంత నియమం ఇచ్చే వీలు లేదు. ఇంత కాలంలో అది మారలేదు.

అలాంటి జాబితాలకు నేను సార్టింగ్‌ను డేటాబేస్‌కు అప్పగిస్తున్నాను. పోస్ట్‌గ్రెస్‌లో వెర్షన్ 10 నుంచి ఐసీయూ కొలేషన్లు (వరస నియమాలు) ఉన్నాయి, 16 నుంచి సొంత నియమాలూ ఇవ్వవచ్చు. ళ తర్వాత ఱ అని ఒక్క లైన్ రాస్తే ఇండెక్స్ కూడా ఆ వరసలోనే తయారవుతుంది, పేజీల వారీగా చూపించడమూ తేలికే. ఐసీయూ వెర్షన్ మారినప్పుడు పోస్ట్‌గ్రెస్ ఇచ్చే హెచ్చరికను పట్టించుకుని రీఇండెక్స్ చేయాలి. అక్కడినుంచి వచ్చిన పేర్లను బ్రౌజర్‌లో మళ్లీ కొలేటర్‌తో సార్ట్ చేయకూడదు, చేశారంటే ఎఱ్ఱన మళ్లీ ముందుకొచ్చి కూర్చుంటాడు.