అమీర్‌పేటలో 45 రోజులు: ఫ్రేజల్ వెర్బ్స్ కోసమే చేరాను

నేను హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రి రిసెప్షన్‌లో పనిచేస్తాను. చదివింది తెలుగు మీడియం. ఒకరోజు లండన్ నుంచి ఒకాయన ఫోన్ చేసి కంగారుగా "మై ఫాదర్ హాజ్ పాస్డ్ అవుట్" అన్నారు. మన దగ్గర పాస్ అవుట్ అంటే చదువు పూర్తవడమే కదా. ఏం చెప్పాలో తెలియక ఆగిపోయాను. పక్కనున్న సిస్టర్ ఫోన్ అందుకుని, అడ్రస్ రాసుకుని అంబులెన్స్ పంపింది. ఇక్కడ ఇంట్లో వాళ్ల నాన్నగారు స్పృహ తప్పి పడిపోయారట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తర్వాతి వారమే ఈ స్పోకెన్ ఇంగ్లిష్ సాయంత్రం బ్యాచ్‌లో చేరాను. ఫీజు 3,000 రూపాయలు.

ఫ్రేజల్ వెర్బ్స్ అంటే క్రియకి ఆఫ్, అప్ లాంటి చిన్న మాట చేరి అర్థమే మారిపోయేవి. వాటికి 2 వారాలు ఇచ్చారు. నా డబ్బు అక్కడే గిట్టింది. మొదటిరోజు సార్ ఇంగ్లిష్ జోలికే పోలేదు.

"చేయి చేసుకున్నాడంటే ఏం చేశాడమ్మా?"

"కొట్టాడు సార్."

"చేయిచ్చాడంటే?"

"నమ్మించి మోసం చేశాడు."

మాటలు విడివిడిగా తెలిసినంత మాత్రాన ఆ అర్థం రాదు, ఇంగ్లిష్‌లోనూ ఇంతే అన్నారు. నా భయం సగం అక్కడే పోయింది. తర్వాత లుక్ ఒక్కదానికే గంటన్నర. లుక్ ఆఫ్టర్ అంటే చూసుకోవడం, లుక్ ఫర్ అంటే వెతకడం, లుక్ ఇంటు అంటే సంగతేమిటో విచారించడం. పుట్ ఆఫ్ వాయిదా, కాల్ ఆఫ్ రద్దు. ఆపరేషన్ విషయంలో ఈ రెండూ తారుమారు చేసి చెబితే రోగి ఇంటివాళ్లు ఏమైపోవాలి?

అడిగితే నాకోసం ఆసుపత్రి మాటలు వేరుగా రాయించారు. త్రో అప్ అంటే వాంతి చేసుకోవడం, కమ్ రౌండ్ అంటే స్పృహలోకి రావడం, పాస్ అవే అంటే చనిపోవడం. పాస్ అవుట్‌కీ దానికీ తేడా ఒక్క చిన్న మాట. రాసుకుంటుంటే చెయ్యి వణికింది.

ఇట్, హిమ్ లాంటి మాటలు ఎక్కడ పెట్టాలన్నది ఇంకో పాఠం. ఆపెయ్ అనడానికి "టర్న్ ఇట్ ఆఫ్" అనాలి, "టర్న్ ఆఫ్ ఇట్" అనకూడదు. "లుక్ ఆఫ్టర్ హిమ్"లో మాత్రం హిమ్ చివరే రావాలి. ఇంత ముఖ్యమైన పాఠాన్ని ఒక్క క్లాసులో చుట్టేశారు, నేను ఇంకా తడబడుతున్నాను. పైగా బ్యాచ్‌లో 40 మంది, మాట్లాడే వంతు వారానికి ఒకసారి వస్తే గొప్ప. చివర్లో 300 మాటల జిరాక్స్ ఇచ్చి బట్టీ పట్టమనడం అస్సలు నచ్చలేదు. వాక్యంలో వాడని మాట మర్నాటికి గుర్తుండదు.

5కి 4 ఇస్తాను. మొన్న ఒకావిడ ఫోన్‌లో "షీ కీప్స్ త్రోయింగ్ అప్" అనగానే, ఎప్పటినుంచని ఇంగ్లిష్‌లోనే అడిగి డ్యూటీ డాక్టర్‌కి కలిపాను. చేరేవాళ్లు పది నిమిషాలు ముందే వెళ్లి ముందు వరుసలో కూర్చోండి, వెనక్కి బోర్డు కనబడదు.