తొడ దాకా వచ్చే కంప్రెషన్ స్టాకింగ్: లేజర్ అయ్యి ఏడాది దాటాక చెప్తున్నా

కాలిని బిగించి పట్టి ఉంచే ఈ పొడవాటి మేజోడు, అదే స్టాకింగ్, పై అంచున లోపలివైపు జారకుండా ఉండే సిలికాన్ పట్టీ మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు. మిగతాదంతా బాగానే ఉంది, కానీ వేరికోస్ వెయిన్స్ (కాళ్లలో ఉబ్బి మెలికలు తిరిగే సిరలు) ట్రీట్‌మెంట్ తర్వాత నేను పడ్డ ఇబ్బందిలో సగం లేజర్ వల్ల కాదు, ఆ రెండు వేళ్ల వెడల్పు పట్టీ వల్లే.

నాది క్లాస్ 2, అంటే కాలి మీద 23-32 ఎంఎంహెచ్‌జీ (బీపీ కొలిచే యూనిటే) ఒత్తిడి పెట్టేది, కాలివేళ్ల దగ్గర తెరిచి ఉండే రకం. ఎడమ కాలికి లేజర్ చేసి, అంటే పాడైన సిరని లోపల్నుంచి వేడితో మూసేసి, అదే పూట పిక్క మీద ఉబ్బిన సిరలు కూడా చిన్న చిన్న గాట్లు పెట్టి తీసేశారు. లేజర్ అంటే ఏంటి, ఎంతసేపు పడుతుంది, ఇవన్నీ డాక్టర్లు ఎలాగూ చెప్తారు కాబట్టి వదిలేస్తున్నా.

మొదటి కొన్ని రోజులు నిజంగా తేలిగ్గా గడిచాయి. అదే రోజు నడిపించారు, తొడ లోపలివైపు కమిలిపోయి నల్లగా, తర్వాత ఆకుపచ్చగా, పసుపుగా మారుతూ వచ్చింది, చూడ్డానికి భయంగా ఉంది గానీ నొప్పి పెద్దగా లేదు. కూర్చుంటే బరువు, నడిస్తే హాయి. ఆ వారంలో అడిగిన వాళ్లందరికీ ఈ స్టాకింగ్ లేకపోతే నేను లేచి తిరిగేదాన్ని కాదని చెప్పాను.

అసలు సంగతి రెండో వారంలో మొదలైంది. అంతా అయిపోయింది అనుకుని ఆఫీసుకి వెళ్లాక, మోకాలు చాపితే చాలు గజ్జ దగ్గర్నుంచి కింద దాకా లోపల తాడు బిగించి లాగుతున్నట్టు పట్టేసేది. నొప్పి రోజురోజుకీ తగ్గుతుందనే అందరం అనుకుంటాం కదా, ఇది ఆలస్యంగా వస్తుందని నాకు ఎవరూ గట్టిగా చెప్పలేదు. సరిగ్గా అప్పుడే ఒకరోజు మీటింగ్ ఎంతకీ తెగలేదు, కదలకుండా కూర్చున్నా, ఆ పట్టీ జారి తనలో తనే మడత పడి చుట్టుకుని మోకాలి పైన ఆగిపోయింది, ప్యాంటు లోపల కాబట్టి కనబడలేదు, తిమ్మిరిగా ఉంటే లేజర్ వల్లే అనుకున్నా. లేచి చూస్తే పాదం ఉబ్బింది, వేళ్లు నీలంగా ఉన్నాయి, పట్టీ తీస్తే కింద ఎర్రగా లోతుగా గాడి.

ఈ స్టాకింగ్ పనిచేసేదే చీలమండ దగ్గర ఎక్కువ బిగువు, పైకి వెళ్లేకొద్దీ తక్కువ బిగువు అనే లెక్క మీద, అలా ఉంటేనే రక్తం పైకి పోతుంది. పట్టీ చుట్టుకుపోతే ఆ లెక్క తలకిందులైపోతుంది, బిగువంతా పైన పడి కింద రక్తం ఆగిపోతుంది. మంచి చేయాల్సిన వస్తువు అడ్డుకట్ట అయిపోయిందన్నమాట.

డిశ్చార్జ్ అప్పుడే చెప్పారు, పిక్క ఉన్నట్టుండి వాచి నొప్పి పెడితే ఆగకుండా రమ్మని, ఆయాసం గానీ ఛాతీలో నొప్పి గానీ వస్తే అసలు ఎదురుచూడొద్దని. లోపలి పెద్ద సిరలో గడ్డ కట్టిందేమో అని భయంతో వెళ్లాను. డాప్లర్ (సిరల్లో రక్తం ఎలా పోతోందో చూపించే స్కాన్) చేశారు, లేజర్ చేసిన సిర చక్కగా మూసుకుంది, లోపలి సిరల్లో రక్తం మామూలుగానే పోతోంది. తొడ మీద వేలు పెట్టి ఆ గట్టి గీతని చూపించి, ఇది మూసుకున్న సిరేనమ్మా, వేడికి గట్టిపడి కుంచించుకుపోతోంది, అందుకే లాగుతుంది, మెల్లగా శరీరమే కరిగించేసుకుంటుంది అన్నారు. వాపు మటుకు పట్టీ పనే. ఆ లాగుడు ఇంకో రెండు మూడు వారాలకి సర్దుకుంది, చేతికి తగిలే గట్టితనం పోవడానికి మాత్రం నెలలు పట్టింది.

తర్వాత తెలిసింది, నాకు అమ్మిన చోట చీలమండా పిక్కా కొలిచి తొడ కొలత కళ్లతో చూసి ఇచ్చేశారట. కొలతలు పొద్దున్నే, వాపు రాకముందు, తొడతో సహా టేపు పెట్టి తీయాలి, ఇది మటుకు పట్టుబట్టి అడగండి. పైగా సిలికాన్ తగిలినచోట నాకు దద్దుర్లు వచ్చి దురద, దానికి క్రీమ్ రాస్తే పట్టీ ఇంకా జారడం.

మంచి కూడా చెప్పాలి. గ్రిప్ ఉండే రబ్బరు గ్లోవ్స్ వేసుకుని తొడుక్కుంటే పని చాలా సులువు, గోళ్లు తగిలి పోగులు లేవవు, ముడతలు అరచేత్తో పైకి నిమురుకుంటూ సరిచేసుకోవచ్చు. మంచం దిగకముందే వేసుకోవాలి, కాసేపు తిరిగాక వేయాలంటే నరకం. గోరువెచ్చని నీళ్లు, మామూలు సబ్బు, పిండకుండా నీడలో ఆరేయడం, ఇలా చూసుకున్నా ఆరు నెలలకి బిగువు తగ్గిపోయింది.

మొదట్లో నేను చేసిన పొగడ్త మాత్రం ఇప్పుడు కాస్త వెనక్కి తీసుకుంటున్నా. తెలిసినావిడకి ఒట్టి లేజరే చేశారు, వారానికే స్టాకింగ్ తీసేయమన్నారు, ఆవిడా నాలాగే కోలుకుంది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే సంస్థ నైస్ (NICE) వాళ్లు 2013లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా ట్రీట్‌మెంట్ తర్వాత వాడితే 7 రోజులకి మించొద్దనే ఉంది, నాకైతే గాట్లు కూడా ఉన్నాయి కాబట్టి మా డాక్టర్ ఎక్కువ రోజులు చెప్పారు. సో నా హాయిలో స్టాకింగ్ వాటా ఎంత, రోజూ నడిచిన నడక వాటా ఎంత అంటే చెప్పలేను, నడకదే ఎక్కువేమో అనిపిస్తోంది.

చీలమండ లోపలివైపు కొంచెం మొద్దుబారిన చోటు ఇంకా ఉంది, పక్కనే నరం వెళ్తుంది కాబట్టి అలా అవుతుందన్నారు, తగ్గుతూనే ఉంది. పిక్క మీద గోధుమ రంగు మచ్చ కూడా పలచబడింది గానీ పోలేదు. ఈ రెండింటికీ స్టాకింగ్ చేసిందేమీ లేదు.

ఇప్పుడు ఎక్కువసేపు కూర్చోవాల్సిన రోజుల్లో మోకాలి కింద వరకే ఉండే రకం వాడుతున్నా, డాక్టర్‌ని అడిగాకే మార్చాను, అది జారదు, చుట్టుకోదు. నా తొడ కింద సన్నం పైన లావు, రోజంతా కుర్చీ ఉద్యోగం, కాబట్టి పట్టీ నాకు పడలేదు. నిలబడి పనిచేసేవాళ్లకి, తొడ కొలత సరిగ్గా కుదిరినవాళ్లకి ఈ గొడవే ఉండకపోవచ్చు. కాళ్లకి రక్తం తీసుకెళ్లే ధమనుల్లో సమస్య ఉన్నవాళ్లు మాత్రం ఏ రకమైనా సరే డాక్టర్ చూడకుండా వేసుకోవద్దు. తొడ దాకా ఉన్నదే వాడాలంటే మధ్యమధ్యలో బాత్రూమ్‌కి వెళ్లినప్పుడల్లా పట్టీ ఎక్కడుందో చూసుకోండి.