పాస్టరు గారు, ఉపదేశి గారు: ఊరికి ఎవరు దగ్గర?

గుంటూరు వైపు లూథరన్ సంఘాల్లో, అంటే మార్టిన్ లూథర్ బాటలో నడిచే ప్రొటెస్టెంటు క్రైస్తవ సంఘాల్లో, పాస్టరునూ, ఊళ్లో ఉండి విశ్వాసం నేర్పే ఉపదేశినీ చూస్తూ పెరిగినవాళ్లకు తేడా చెప్పక్కర్లేదు. కానీ సేవకు వెళ్లాలనుకునే కుర్రాళ్లు ఇంకా అడుగుతూనే ఉంటారు, ఏ దారి మంచిదని.

పాస్టరు గారిది చదువు దారి. వేదాంత కళాశాలలో కొన్నేళ్లు చదివి అభిషేకం, అంటే సంఘం తరఫున పాస్టరుగా నియామకం, పొందాలి. బాప్తిస్మం, ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడం) మామూలుగా ఆయన చేతిమీదుగానే జరుగుతాయి. సక్రమంగా పిలుపు పొందినవారే బహిరంగంగా బోధించాలని, ఈ సంస్కారాలు ఇవ్వాలని లూథరన్ల మూల విశ్వాస పత్రమైన 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన 14వ అధికరణం చెబుతుంది. గౌరవం ఉంది, బదిలీలూ ఉన్నాయి. ఒక్క పారిష్‌లో (ఒక పాస్టరు చూసుకునే పరిధిలో) పది ఊళ్లుంటే ఆదివారం బండి మీదే సగం గడుస్తుంది.

ఉపదేశి గారు ఊళ్లోనే ఉంటారు. జీతం తక్కువ, పొలం పనీ తప్పదు. సాయంత్రం పిల్లలకు లూథర్ చిన్న ప్రశ్నోత్తరి, అంటే ప్రశ్న-జవాబు రూపంలో ఉన్న విశ్వాస పాఠాలు, వల్లె వేయించేది ఆయనే. అర్ధరాత్రి ఎవరికైనా ప్రాణం మీదికొస్తే తలుపు తట్టేదీ ఆయన ఇంటిదే. 1842లో అమెరికా లూథరన్ మిషనరీ హయ్యర్ దొర గుంటూరు వచ్చాక కూడా, పల్లెల్లో సంఘాలు నిలబడింది ఎక్కువగా ఇలాంటి తెలుగువాళ్ల కాళ్ల మీదే అని నా నమ్మకం.

బోధన, పరిపాలన ఇష్టమైతే మొదటిది. మనుషుల మధ్య ఉండటమే ఇష్టమైతే, ఇంట్లో ఇంకో సంపాదన ఉంటే, రెండోది. పాస్టరు భార్య అయినా, ఉపదేశి భార్య అయినా, అమ్మగారి పని మాత్రం రెండు చోట్లా లెక్కలోకి రాదు.